జున్నుతో చివరిసారి ఆసుపత్రికి

2024 నవంబర్ 21, గురువారం మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాల ముందు మా కుక్క జున్ను కారు వెనక సీట్లో, తన దుప్పటి మీదే, మా అబ్బాయి ఒళ్ళో తల పెట్టుకుని కన్నుమూసింది. దానికి పదమూడేళ్ళు. చివరిదాకా వణకలేదు. ఆ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఎందుకంటే అంతకుముందు మాకు టామీ ఉండేవాడు. 2010లో వాడికి కడుపులో గడ్డ పెరిగి, ఇక లాభం లేదన్నారు. ఆటోలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వరండాలో గంటన్నర కూర్చోబెట్టారు. చుట్టూ అరుస్తున్న కుక్కలు, ఫినాయిల్ వాసన. లోపలికి పిలిచాక ఇద్దరు మనుషులు వాణ్ణి స్టీలు బల్ల మీద అదిమిపట్టి, మూతికి కట్టు కట్టి, ముందు మత్తు కూడా ఇవ్వకుండా నరానికి ప్రాణం తీసే ఇంజెక్షన్ చేశారు. భయంతో బల్ల మీదే ఉచ్చ పోసుకున్నాడు. అంతసేపూ నావైపే చూశాడు. పద్నాలుగేళ్ళయినా ఆ చూపు నన్ను వదల్లేదు. జున్నుకి రోగం ముదిరిందని తెలిసినప్పుడు దీన్ని కూడా అలాగే పంపాల్సి వస్తుందేమోనని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

జున్ను 2011లో విజయవాడ పటమటలో చెరుకురసం బండి కింద దొరికింది. మావాడికి అప్పుడు ఆరేళ్ళు. చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. రంగు చూసి పేరు మా అత్తయ్య పెట్టారు.

2024 వేసవి చివర్లో నీళ్ళు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. రాత్రి నింపిన గిన్నె తెల్లారేసరికి ఖాళీ. ఎప్పుడూ ఇంట్లో తప్పు చేయని పిల్ల హాల్లో ఉచ్చ పోసి సిగ్గుతో సోఫా వెనక్కి వెళ్ళి కూర్చునేది. ఆగస్టు 12న రక్త పరీక్ష చేయిస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 3.8 వచ్చింది. కుక్కలకి ఒకటిన్నర లోపు ఉండాలట. పరీక్షకి 1,400, స్కానింగ్‌కి 1,200 అయ్యాయి. రెండు కిడ్నీలూ చిన్నవైపోయాయని, తిరిగి బాగుపడేది కాదని, సెలైన్‌తో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చని డాక్టరు గారు చెప్పారు.

సెలైన్ ఇంట్లోనే ఎక్కించడం నేర్పారు. నరానికి కాదు, తోలు కింద. భుజాల మధ్య తోలును గుడారంలా పైకి లాగి దాని అడుగున సూది దించాలి. మొదటి రెండు రోజులు సూది ఇటు గుచ్చితే అటు బయటికొచ్చి, సీసాలో సగం నా చీర మీదే పోయింది. మూడో రోజు నుంచి చెయ్యి కుదిరింది. కిటికీ ఊచకి కొక్కెం తగిలించి, దానికి సీసా వేలాడదీసి, కింద జున్నుని కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చుని ఫోన్‌లో సన్నగా పాటలు పెట్టేదాన్ని. 300 మి.లీ. ఎక్కేసరికి భుజం దగ్గర బంతిలా ఉబ్బేది. గంటకల్లా ఆ నీరంతా ముందు కాలిలోకి జారేది. మొదటిసారి అది చూసి కాలు వాచిందని కంగారుపడి రాత్రి పదింటికి డాక్టరు గారికి ఫోన్ చేశాను. అది మామూలేనట, పొద్దున్నకి ఇంకిపోతుందన్నారు, ఇంకిపోయింది. సీసా, సెట్టు, సూది కలిపి రోజుకి 150 దాకా అయ్యేది. సెప్టెంబర్ మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు మా వైపు నీళ్ళు రాలేదు గానీ మందుల షాపుల్లో సెలైన్ దొరకలేదు. మావారు కంకిపాడు వెళ్ళి 6 సీసాలు తెచ్చారు.

రెండు నెలలు బాగానే గడిచాయి. అసలు సంగతి నాకు దీపావళి నాడు తెలిసింది. ఏటా మొదటి టపాకాయ పేలగానే బాత్‌రూమ్‌లోకి దూరి బకెట్ వెనక దాక్కునే పిల్ల, ఈసారి హాలు మధ్యలో పడుకున్నది పడుకున్నట్టే ఉంది. గుమ్మం ముందే లక్ష్మీబాంబు పేలినా చెవి కదపలేదు. అత్తయ్య "పోన్లే, ఈ ఏడు భయపడలేదు" అని సంబరపడ్డారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత తిండి మానేసింది. నోట్లో పుళ్ళు, దగ్గరికెళితే అదో రకం ఘాటు వాసన, రోజుకి మూడు నాలుగుసార్లు పసుపు నురగ వాంతి. 19 కిలోల పిల్ల 14కి వచ్చింది. నవంబర్ 14న మళ్ళీ పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 9.6. డాక్టరు గారు కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "ఇక మెరుగవదని నేను చెప్పగలనమ్మా. ఎప్పుడన్నది మాత్రం మీరు చెప్పాలి" అన్నారు. మాకు తోచకపోతే రోజూ రాత్రి క్యాలెండర్ మీద, ఆ రోజు దానికి బాగుందనిపిస్తే టిక్కు, లేదంటే ఇంటూ పెట్టమన్నారు.

మా ఇంట్లో క్యాలెండర్ ఒక్కటే, అత్తయ్య గదిలో తిథులూ వర్జ్యాలూ ఉన్న గోడ క్యాలెండర్. ఆవిడ కార్తీక సోమవారాలకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టుకున్నారు. వాటి పక్కనే నేను పెన్సిల్‌తో పెట్టాను. 14 నుంచి 17 దాకా నాలుగు రోజులూ ఇంటూలే. కార్తీక పౌర్ణమి నాడు కూడా.

ఇక్కడ అత్తయ్య సంగతి చెప్పాలి. మొదట్నుంచీ ఆవిడ ఒప్పుకోలేదు. "మందు పెట్టి ప్రాణం తీయడమా? అందులోనూ కార్తీకంలోనా? దాని ఆయువు తీరేదాకా చూద్దాం. లేదా నెల వెళ్ళనివ్వండి" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. నాకూ లోపల అదే భయం ఉంది, దాని ప్రాణం మీద హక్కు నాకెక్కడిదని. అయితే ఆవిడకి రాత్రుళ్ళు సరిగా నిద్ర పట్టదు. 17వ తేదీ రాత్రి రెండింటికి నేను లేచి చూస్తే, హాల్లో లైటు కూడా వేసుకోకుండా జున్ను పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. అది వాంతి చేసుకోబోయి, ఏమీ రాక, ఒళ్ళంతా ఎగిసిపడుతోంది. ఆవిడ తడిగుడ్డతో దాని మూతి తుడుస్తున్నారు. తెల్లారి మూడో సోమవారం. గుడికి వెళ్ళొచ్చి, ఉపవాసంతోనే నా దగ్గరికొచ్చి అన్నారు: "నెల చూసుకునేది మనమే అమ్మాయ్. దానికి నెలేం తెలుసు? డాక్టరుకి ఫోన్ చెయ్యి."

ఫోన్ చేయడానికి నాకు ఇంకో రోజు పట్టింది.

19న చేశాను. ముందే కాగితం మీద అడగాల్సినవన్నీ రాసుకున్నాను, లేకపోతే ఏడుపులో అన్నీ మర్చిపోతానని. మొదట ఇంటికి వస్తారా అని అడిగాను. ఆయన ఇళ్ళకి వెళ్ళరు. ఇంకో ఇద్దర్ని అడిగితే ఒకరు రామన్నారు, ఒకరు 6,000 అవుతుంది, రాత్రి తొమ్మిది దాటాకే వస్తామన్నారు. కొత్త మనిషి, రాత్రి పూట, జున్నుకి గుమ్మంలో కొత్తవాళ్ళు కనిపిస్తేనే హడల్. అందుకని మా డాక్టరు గారి దగ్గరికే వెళ్దామనుకున్నాం. అప్పుడు ఆయనకి టామీ సంగతంతా చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విని, "అలా జరగనివ్వనమ్మా. మీరు కారు దిగక్కర్లేదు. నేనే బయటికి వస్తాను" అన్నారు. ఆ మాట విన్నాక నేను ఆ రోజు మొదటిసారి కూర్చుని కాఫీ తాగాను.

ఒంటిగంటకి ఓపీ ముగుస్తుంది. ఒంటిగంటన్నరకి వస్తే లోపల ఇంకో కుక్క ఉండదు, అరుపులుండవు. ఆ రోజు సాయంత్రమే రమ్మన్నారు నిజానికి. మావాడు చెన్నైలో చదువుతున్నాడు. వాడు రాకుండా ఎలా అని గురువారం అడిగాం. వాడు 20న పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరి రాత్రికి దిగాడు. వాడి చెప్పుల చప్పుడు మెట్ల మీద వినగానే జున్ను తోక రెండుసార్లు నేలకి కొట్టింది. లేవలేకపోయింది. కానీ మధ్యలో ఆ రెండు రాత్రులు అది పడిన బాధ మా కోసమే పడింది, తనకోసం కాదు. మావాడికి ఫోన్ 14వ తేదీనే చేసి రమ్మని ఉండాల్సింది. ఇప్పటికీ నాకు మిగిలిపోయిన బాధ అదొక్కటే.

20 సాయంత్రం నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళి డబ్బులు కట్టి, కాగితం మీద సంతకం పెట్టొచ్చాను. ఇది డాక్టరు గారి దగ్గర పనిచేసే అమ్మాయి ఇచ్చిన సలహా. "రేపు ఈ పని పెట్టుకోకండి ఆంటీ" అంది. ఆ అమ్మాయికి జన్మంతా రుణపడి ఉంటాను. ఇంగ్లీషులో అర పేజీ కాగితం, నా ఇష్టపూర్వకంగానే యూథనేషియా, అంటే బాధ లేకుండా మందుతో ప్రాణం పోయేట్టు, చేయిస్తున్నానని, పది రోజుల్లో ఎవర్నీ కరవలేదని. 2,500 రూపాయలు. ఫోన్‌తో స్కాన్ చేయగానే కౌంటర్ మీద పెట్టె గట్టిగా "రెండు వేల ఐదు వందల రూపాయలు వచ్చాయి" అని అరిచింది. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. మర్నాడు జున్నుని అలా చూసి వచ్చాక ఆ గొంతు వినాల్సి వస్తే ఏమైపోయేదాన్నో.

ఆ రోజే గాబాపెంటిన్ క్యాప్సూల్స్ రాసిచ్చారు, భయం తగ్గడానికి. 20 రాత్రి ఒకటి, 21న ఆసుపత్రికి చేరడానికి రెండు గంటల ముందు రెండు. కిడ్నీలు పాడైన కుక్కకి ఈ మందు తగ్గించి ఇవ్వాలట, కాబట్టి జున్నుకి రాసింది ఇంకో కుక్కకి సరిపోదు, మీ డాక్టరునే అడగండి. ఇంకో మాట, మనుషులు వాడే సిరప్ మాత్రం తేవద్దన్నారు. కొన్నిట్లో తీపికోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకి విషం. తిండే తినని పిల్లకి మందెలా వేయాలన్నది నా టెన్షన్. క్యాప్సూల్ విప్పి, పొడిని కాస్త వెన్నలో కలిపి, చిగుళ్ళ మీది పుళ్ళకి తగలకుండా పెదవి లోపల రాశాను. వెన్న రుచికి నెమ్మదిగా నాక్కుంది. వారం రోజుల్లో అది తన ఇష్టంతో లోపలికి తీసుకున్నది అదే.

21 పొద్దున్న ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. మావాడు చికెన్ ఉడకబెట్టిన నీళ్ళు చల్లార్చి వేలితో అందించాడు, రెండు చుక్కలు నాకింది. ఎక్కువ పెట్టొద్దని డాక్టరు గారు ముందే చెప్పారు, మత్తుకి వాంతి అవచ్చట. అత్తయ్య దాని నుదుట కుంకుమ పెట్టి, తులసి నీళ్ళు పెదవులకి తడిపారు. పదకొండున్నరకి క్యాప్సూల్స్ ఇచ్చాం. పన్నెండున్నరకి కళ్ళు బరువెక్కాయి. దగ్గరికి తీసుకుంటే ఒళ్ళంతా మెత్తగా వదిలేసింది. ఇన్ని రోజుల్లో దాని ఒంటి బిగువు పోవడం అప్పుడే చూశాను.

మాకు కారు లేదు. ఆటోవాళ్ళు కుక్కని చూస్తే ఆపరు, ఆపినా ఆ కుదుపులకి తట్టుకోలేదు. పై వాటాలో ఉండే బాబాయి గారు తన కారు తీసుకొస్తానన్నారు. సీటు మీద ముందు ప్లాస్టిక్ షీటు, దాని మీద పాత తువ్వాలు, పైన జున్ను దుప్పటి. ఆ దుప్పటి ఉతకలేదు, దాని వాసన దానికి ఉండాలని. రెండో అంతస్తు నుంచి దించడానికి నేనూ మావాడూ దుప్పటి నాలుగు కొనలూ పట్టుకుని ఊయలలా మోశాం. చంకల కింద చేతులేసి ఎత్తితే దానికి నొప్పి పుడుతుంది.

ఇంకో సంగతి నాకు ముందురోజు రాత్రి గుర్తొచ్చింది. ఆసుపత్రి సందులోకి తిరిగే చోట ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. పిల్లప్పటి నుంచీ ఆ మలుపు రాగానే జున్నుకి తెలిసిపోయేది. ఆటోలో ఉన్నా, స్కూటీ మీద ఉన్నా, అక్కడ్నుంచి వణుకు మొదలు. అందుకని బాబాయి గారిని ఆ దారి వద్దని బతిమాలాను. బందరు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి, వెనక వీధిలోంచి వచ్చాం. ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టింది. ఆయన హారన్ కొట్టలేదు, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా దాదాపు ఆపేశారు. ఆసుపత్రి వెనక వేపచెట్టు నీడన కారు నిలిపారు. జున్ను కిటికీ వైపు ఒకసారి ముక్కెత్తి గాలి పీల్చి, మళ్ళీ మావాడి ఒళ్ళో తల వాల్చేసింది. నేను దాని వీపు మీద చెయ్యేసి చూశాను. వణుకు లేదు.

డాక్టరు గారు కోటు లేకుండా, మామూలు చొక్కాతో వచ్చారు. జున్ను చెవి వెనక గోకి, "ఏరా తల్లీ" అన్నారు. జరగబోయేదంతా మాకు ముందే చెప్పారు. మొదట తొడ కండకి మత్తు, చిన్న చురుకు ఉంటుంది. పది నిమిషాల్లో గాఢ నిద్ర. ఆ తర్వాత చేసేదేదీ దానికి తెలియదు. నరానికి సూది పెట్టి, ఆపరేషన్లకి వాడే మత్తు మందే ఎక్కువ మోతాదులో ఇస్తారు, గుండె ఆగిపోతుంది. కళ్ళు మూసుకోవు. తర్వాత ఒకటి రెండుసార్లు నోరు తెరిచి గాలి పీల్చినట్టు చేయవచ్చు, కండలు అదరవచ్చు, అది ప్రాణం కాదు.

మొదటి సూదికి ఒకసారి తల తిప్పి చూసింది, అంతే. మావాడు దాని చెవిలో చిన్నప్పటి కబుర్లు చెబుతూనే ఉన్నాడు, చెరుకురసం బండి దగ్గర్నుంచీ. ఆరు నిమిషాలకి గురక మొదలైంది. నాలుగు నెలలుగా దాని గురక వినలేదు నేను. కిడ్నీ రోగంతో ఒంట్లో నీరు లేక ముందుకాలి నరం దొరకలేదు. రెండుసార్లు ప్రయత్నించి, వెనక కాలికి బొచ్చు గొరిగి అక్కడ పెట్టారు. అది చూస్తుంటే నా గుండె దడదడలాడింది గానీ జున్ను గురక ఆగలేదు. ముందు మత్తు ఎందుకో నాకప్పుడు అర్థమైంది. టామీకి ఇవ్వనిది అదే.

మందు ఎక్కించడం అర నిమిషం కూడా పట్టలేదు. గురక నెమ్మదించి, ఒక పెద్ద ఊపిరి వదిలి, ఆగింది. స్టెతస్కోప్ చాలాసేపు పెట్టి విని, డాక్టరు గారు తల ఊపారు. రెండు నిమిషాల తర్వాత నిజంగానే నోరు తెరిచింది. మావారు "ఊపిరుంది! ఊపిరుందండీ!" అని కేక పెట్టారు. ముందే విని ఉన్నా సరే, ఆ క్షణంలో ఎవరికీ ఏదీ గుర్తుండదు. డాక్టరు గారు మావారి చెయ్యి పట్టుకుని జున్ను ఛాతీ మీద పెట్టించి చూపించారు. తువ్వాలు తడిసింది, ప్లాస్టిక్ షీటు లేకపోతే బాబాయి గారి సీటు పాడయ్యేది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మావాడు మూయబోతే మూసుకోలేదు. దుప్పటి కొన పైకి లాగి కప్పాడు.

ఉయ్యూరు దగ్గర అత్తయ్య వాళ్ళ ఊళ్ళో మాకు కొంచెం పొలం ఉంది. ముందురోజే ఫోన్ చేసి గొయ్యి తవ్వించాం, కూలి 1,000. గట్టు పక్కన తవ్వితే మూడడుగులకే నీరు ఊరిందట, అందుకని మెరక మీద నిమ్మచెట్టు దగ్గర మళ్ళీ తవ్వారు. నాలుగడుగులకి తగ్గకూడదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఆ మందు శరీరంలో చాలాకాలం ఉంటుంది, ఏ కుక్కో నక్కో తవ్వి తింటే వాటికీ ప్రమాదం. ఆయన చెప్పిన ఇంకో మాట మాకు బాగా పనికొచ్చింది. బయల్దేరేముందే కాళ్ళు మడిచి, ముడుచుకుని పడుకున్నట్టు సర్దమన్నారు. కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది, తర్వాత మడవలేం. అలాగే సర్దాం, చలికాలం పొద్దున్నపూట అది పడుకునేట్టు, ముక్కు తోక కిందకి పెట్టి.

మూడున్నరకి ఊరు చేరాం. దుప్పటితోనే దించాం. రాళ్ళ ఉప్పు, పసుపు చల్లి, మట్టి పూడ్చి, పైన తుమ్మకంప కప్పాం. అత్తయ్య ఇంటి దగ్గర్నుంచి పెరుగన్నం ముద్ద తెచ్చి నిమ్మచెట్టు మొదట్లో పెట్టారు. కాకి కోసం నిలబడి చూశారు. వచ్చింది.

ఇంటికొచ్చాక ఆరు సెలైన్ సీసాలు మిగిలాయి. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. వారం తర్వాత వాటిని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇస్తే, కౌంటర్ దగ్గరి అమ్మాయి అవి ఒక పెద్దాయన పిల్లికి ఇస్తానంది. దానికీ కిడ్నీయేనట. ఆ పెద్దాయన అక్కడే కూర్చుని ఉన్నారు, సూది గుచ్చడం రావట్లేదని. ఆయన పక్కన కూర్చుని, తోలు గుడారంలా ఎలా లాగాలో నా చీర కొంగు పట్టి చూపించాను.